ఎడమచేతి దీపాలు

యంత్రం అబద్ధమాడదన్న నమ్మకాన్ని అందరికంటే ఆలస్యంగా పోగొట్టుకున్నవాడు, ఆ యంత్రాన్ని తయారుచేసినవాడే. వెల్దండ పురుషోత్తం ఆ సంగతిని తరువాత ఎవరితోనూ పెద్దగా చర్చించలేదు. అరవై నాలుగేళ్లు వచ్చాక మనిషికి సిగ్గుపడే ఓపిక కూడా తగ్గిపోతుంది.

ఆయన జీపు దిగేసరికి మొగిలిగుట్ట ప్రాథమిక పాఠశాలలో ప్రార్థన ముగిసింది. ఒక పెద్ద గది, ఒక వరండా, వంటకు ఒక రేకుల పాక. మూడు నుంచి ఐదో తరగతి వరకు ఇరవై ఎనిమిది మంది పిల్లలు, వాళ్లందరికీ ఒక్క టీచరు. చిన్న తరగతులను ఏనాడో అంగన్‌వాడీలో కలిపేశారు. గుమ్మం పక్కన గోడలో ఆరేళ్ల కిందట బిగించిన నల్లరాతి పలక ఉంది: ‘గ్రహణి జన్మస్థలం’. పలక కింద ఎవరో సైకిలు ఆనించారు.

గ్రహణి అంటే నుదుటికి కట్టే పలచని పట్టీ. పాఠం నిజంగా అర్థమైన క్షణంలో పిల్లల మెదడులో పుట్టే విద్యుత్ కదలికను అది పసిగట్టి, కనుబొమల నడుమ పెసరగింజంత ఆకుపచ్చ దీపాన్ని వెలిగిస్తుంది. ఆయుర్వేదంలో అదే పేరుతో ఒక ఉదరవ్యాధి ఉందని పురుషోత్తం మొదట్లోనే మనవి చేశాడు. పేరు పెట్టిన సంఘంలో ఆయనకు ఓటు లేదు. ఆయనది ప్రభుత్వ బోధనా పరిశోధన కేంద్రం. ఆయన పని యంత్రం చేయడం వరకే.

ఆ పట్టీ వచ్చాక ప్రాథమిక పరీక్షలు పోయాయి. బట్టీ పట్టినవాడెవడో, గ్రహించినవాడెవడో నుదుటిమీదే కనిపిస్తుంటే పరీక్ష ఎందుకు? రెండేళ్లు వరుసగా నూటికి నలభైకంటే తక్కువ దీపాలు వెలిగిన సర్కారు బడిని ప్రైవేటు సంస్థకు అప్పగించాలని చట్టమొకటి వచ్చింది. దానికి ‘స్వీకారం’ అని పేరు. మొగిలిగుట్ట బతకాలంటే పన్నెండు దీపాలు వెలగాలి. నిరుడు తొమ్మిది వెలిగాయి, ఈ ఏడాది ఏడే. చివరి పరిశీలన మరి రెండు వారాల్లో ఉంది. అది కూడా తప్పితే బడి ‘ఊర్ధ్వ’ అనే సంస్థ చేతికి పోతుంది. ఊర్ధ్వవారు ఇంత చిన్న బడిని నడపరు, పదకొండు కిలోమీటర్ల దూరాన మండల కేంద్రంలో ఉన్న తమ ప్రాంగణంలో కలిపేస్తారు. ఆ దూరంలో మూడు కిలోమీటర్లు నడక, మిగతాది బస్సు. ఆడపిల్లల్లో ఎందరు అంత దూరం వెళతారో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

"రాండ్రి సార్," అంది ఆండాళు టీచర్, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ. యాభై దాటిన మనిషి, ఈ బడికి వచ్చి ఇరవై ఆరేళ్లయింది. "యంత్రం పుట్టిన ఇంటినే యంత్రం మింగుతాంటె చూడనీకి వచ్చిండ్రా?"

"పట్టీలేమన్న పాడైనయేమో చూద్దామని వచ్చిన టీచరమ్మా."

పట్టీలు పాడవలేదు. అన్నింటినీ ఆయన స్వయంగా పరీక్షించాడు. ఆ తరువాత పిల్లల ముందు నేలమీదే కూర్చుని, "ఒక గంపల నూరు సీతాఫలాలున్నయి. ఏడు పాడైపోయినయి. మిగిలినవి ముగ్గురికి సమంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని?" అని అడిగాడు.

ఎవరూ చెయ్యెత్తలేదు. ఇరవై ఎనిమిది తలలు పలకలమీదికి వంగాయి. వేళ్లు కదిలాయి, పెదవులు కదిలాయి. కాసేపటికి ఒక గొంతు ముప్పై ఒకటంది. ఇంకొకటి, ఇంకొకటి అదే చెప్పాయి. ఎలా చేశావని పురుషోత్తం ఒక్కొక్కరినీ అడిగాడు. ఒకడు తొంభైని వేరుచేసి, మిగిలిన మూడింటిని పంచానన్నాడు. ఒకమ్మాయి ముప్పై నుంచి మొదలుపెట్టి సరిచూసుకుంటూ పోయానంది. పంతొమ్మిది మంది సరిగ్గా చెప్పడమే కాదు, ఎందుకు సరైనదో కూడా చెప్పారు. వెలిగిన దీపాలు ఆరు.

చివరి వరుసలో ఉన్న నాలుగో తరగతి పిల్ల ఇంకా పలకనే చూస్తోంది. "ఏమమ్మా, రాలేదా?" అని అడిగాడు.

"ఏడే పాడైనయని ఎట్ల తెలిసింది సార్? సీతాఫలం లోపట పురుగుంటె కోస్తెగాని తెల్వది గద."

పిల్లలు గొల్లుమన్నారు. "అది శివలీల సార్," అంది ఆండాళు. "అందరు ఊరికి జేరినంక అది ఇంట్ల చెప్పులేస్కుంటది."

శివలీల దీపం వెలగలేదు.

మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు లేచారు. పురుషోత్తం వరండాలో కూర్చుని మామూలుగానే అడిగాడు: "ఆరేండ్ల కింద మేం పరిశోధనకు వచ్చినప్పుడు, ప్రశ్న వెయ్యంగనే ముప్పై ఒక్కమంది టక్కున చెయ్యెత్తిండ్రు. ఇప్పుడు ఒక్కరూ ఎత్తరేం?"

"అప్పటి పిల్లలు వేరు సార్." ఆమె నవ్వింది. "అప్పటి టీచర్ గూడ వేరే అనుకోండ్రి."

"అంటే?"

"ఇప్పుడు చెప్తె ఏమైతది తియ్యిండ్రి. మీరు సర్కారు జీపుల దిగిండ్రు. సర్కారు జీపుల ఎవరు దిగినా మాకు ఇన్స్‌పెక్షనే. ఇన్స్‌పెక్షన్‌కు ఒకటే మంత్రం: అందరు చెయ్యెత్తాలె, తల దించొద్దు, వచ్చినాయన మొకంలకే చూడాలె. జవాబు తెలిసినోడు కుడిచెయ్యి, తెల్వనోడు ఎడమచెయ్యి. ఆయనకు గది నిండ చేతులే. నేను కుడిచేతోన్నే లేపుత. నాకు మా సారు నేర్పిండు, ఆయనకు ఆళ్ల సారు నేర్పిండట."

పురుషోత్తం చేతిలోని పట్టీని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"మరి ఎందుకు మానేసిండ్రు?"

"మీ దీపమొచ్చినంక మానేసిన. మనిషిని మోసం జెయ్యొచ్చు, యంత్రాన్ని ఏం జేస్తం? లోపల ఉన్నది ఉన్నట్టు చూపిస్తదని మీరే చెప్తిరి. పిల్లలకు చెప్పిన, ఇగ తెలిస్తెనే ఎత్తుండ్రి, తెల్వకుంటె తెల్వదనుండ్రి, అండ్ల సిగ్గులేదు అని. నెత్తిమీది మూట దించినట్టయింది సార్. ఆ దినం మీకు మనసుల దండం పెట్టుకున్న."

పాక దగ్గర పిల్లలు పళ్లేలు కడుగుతున్నారు. పురుషోత్తం వాళ్ల చేతుల వైపే చూస్తూ కూర్చున్నాడు.

*

వయసులో ఉన్నప్పుడు ఆయన హేతువాద సంఘంలో తిరిగాడు. గాలిలోంచి విభూతి తీసే బాబాల గుట్టు ఊరూరా విప్పి చూపించేవాడు. గారడీవాడు చూడమన్న చేతిని కాదు, రెండో చేతిని చూడాలని జనానికి బోధించేవాడు. ఆ మనిషి పరిశోధన కేంద్రంలో తలుపు వేసుకుని, ఆరేళ్ల నాటి మొగిలిగుట్ట వీడియో చిత్రాన్ని మళ్లీ వేసుకున్నాడు. దాన్ని ఎన్నో సదస్సుల్లో ప్రదర్శించాడు. ప్రతిసారీ సభికులు చూసింది పిల్లల ముఖాలనే. ఆయన చూసింది మెదడు గీతలను.

ఇప్పుడు చేతులు చూశాడు.

మొదటి ప్రశ్నకు ముప్పై ఒక్క చేతులు లేచాయి. అందులో ఎడమవి పదిహేడు. రెండో ప్రశ్నకు పంతొమ్మిది. తొమ్మిదో ప్రశ్న కష్టమైనది. దానికి కుడిచేతులు మూడే. ఆండాళు తాపీగా నడుస్తూ వచ్చి, ఆ ముగ్గురిలో ఒకడి భుజం తట్టింది. వాడు సరిగ్గా చెప్పాడు. తట్టినప్పుడల్లా జవాబు సరిగ్గానే వచ్చింది. అలా వస్తున్నందువల్లనే పురుషోత్తం బృందం మిగతావాళ్లను అడగలేదు. లేచిన ప్రతి చేతికీ ఎదురుగా ‘గ్రహించెను’ అని గుర్తు పెట్టుకున్నారు.

మరి గ్రహించని స్థితికి నమూనాలు ఎక్కడివి? ఆయనకు గుర్తుంది, అయినా చూశాడు. ప్రశ్నకు ముందు పిల్లలు పలకలమీద తంటాలు పడుతున్న నిమిషాలను, తల వంచుకుని, వేళ్లు మడుస్తూ, తుడిపి మళ్లీ రాస్తూ ఉన్న నిమిషాలను ‘ఇంకా గ్రహించలేదు’ అనే వరుసలో చేర్చారు.

యంత్రం తనకు నేర్పినదాన్ని తు.చ. తప్పకుండా నేర్చుకుంది. అధికారి కళ్లలోకి చూస్తూ తొణక్కుండా చెయ్యెత్తే మెదడు దానికి జ్ఞానం. తల వంచుకుని ఆలోచించే మెదడు అజ్ఞానం. మొగిలిగుట్ట పిల్లల నటననుంచి పుట్టిన యంత్రం, నటన మానేసిన మొగిలిగుట్టను చీకటిగా చూపిస్తోంది. ఇందులో కుట్ర ఏమీ లేదు. కుట్ర ఉంటే పట్టుకోవడం సులువయ్యేది.

*

ఆదివారం మధ్యాహ్నం కూతురు వింధ్య భోజనానికి వచ్చింది. ఊర్ధ్వ సంస్థలో ఆమె బోధన విభాగానికి అధిపతి. తండ్రీకూతుళ్లు ఒక బల్ల దగ్గర కూర్చుని తినగలుగుతున్నారంటే, అది పద్నాలుగేళ్లుగా చర్చను పప్పు వరకూ రానిచ్చి పెరుగు దగ్గర ఆపడంవల్లనే.

"మొగిలిగుట్ట మాకే వస్తుందంట నాన్నా. నువ్వు బాధపడతవని ముందే చెప్తున్న."

"నడుపుతరా?"

"ఇరవై ఎనిమిది మందికి ఎవరు నడుపుతరు? బస్సు పెడతం."

"తారురోడ్డు దాంక. అక్కడినుంచి ఊరు మూడు కిలోమీటర్లు."

"ఆ రోడ్డు వెయ్యాల్సింది మీ సర్కారే కద," అంది వింధ్య. "దేవుణ్ణి నమ్మవు కాని సర్కారును నమ్ముతవు. అదొక్కటే నీ మూఢనమ్మకం."

"నమ్మను. సర్కారునైతే రోడ్డుమీద నిలబెట్టి అడగొచ్చు. మిమ్మల్ని అడగాలంటే ముందు అడ్మిషన్ తీసుకోవాలె."

"అడిగినవు కద! నేను ఎనిమిదిల ఉన్నప్పుడు అడిగినవు, తొమ్మిదిల ఉన్నప్పుడు అడిగినవు. రెండేండ్లు మాకు లెక్కల సారే లేడు. నీ ఆదర్శానికి సర్కారు బళ్లో కూర్చున్నది నేను నాన్నా, నువ్వు కాదు. ఖాళీ కుర్చీని చూసి త్రికోణమితి నేర్చుకున్న." ఆమె గొంతులో కోపం లేదు. చాలాసార్లు చెప్పి అరిగిపోయిన మాట అది. "మా బళ్లల్ల కుర్చీ ఖాళీగా ఉండదు. అది చిన్న విషయం కాదు."

అది చిన్న విషయం కాదని పురుషోత్తానికి తెలుసు. అందుకే వాదించకుండా, మొగిలిగుట్టలో విన్నదీ చిత్రంలో చూసినదీ మొదటినుంచి చెప్పాడు. వింధ్య ముద్ద కలపడం ఆపింది.

"అయితే మా పిల్లలకు వచ్చే ఎనభై ఎనిమిది శాతం ఏంది?"

"మీవాళ్లు చెయ్యెత్తడం బాగ నేర్పుతున్నరన్నట్టు."

ఆమె పళ్లెం పక్కకు జరిపింది. "మా ట్రైనర్లకు ఇది తెలుసు నాన్నా. ఎందుకో తెల్వదు, ఏం చెయ్యాలెనో తెలుసు. ‘ఆలోచించకు, ఎదురుంగ ఉన్న మనిషిని చూడు’ అని పిల్లలకు నెలరోజులు సాధన చేయిస్తరు. దీపం వెలుగుతది. ఏకాగ్రత పెరుగుతున్నదనుకున్న నేను."

శాస్త్రానికి ఆరేళ్లు పట్టిన సంగతి బజారుకు ముందే తెలుసునన్నమాట. పురుషోత్తం పెరుగు వడ్డించుకున్నాడు. ఆ రోజు చర్చ పెరుగు దగ్గర ఆగలేదు.

*

దీపాలు లెక్కించి బడుల అప్పగింతను తేల్చేది గ్రహణ మండలి; దాని అధ్యక్షుడు శశిధర్ మర్యాదస్తుడు. పురుషోత్తం ఇచ్చిన నివేదికను పూర్తిగా చదివాడు, అడ్డుప్రశ్నలు తెలివైనవే వేశాడు. ఆపైన తన ఫైలులోంచి ఒక కాగితం తీసి బల్లమీద పెట్టాడు. గ్రహణి నూటికి తొంభై ఏడు పాళ్లు నమ్మదగినదని ఆరేళ్ల కిందట పురుషోత్తం సంతకం చేసిన ధ్రువపత్రం అది.

"సార్, ఈ సంతకాన్ని నమ్మి నాలుగువేల మూడువందల బడులు అప్పగించాం. ఇప్పుడు ఇంకో సంతకాన్ని నమ్మి వెనక్కి తీసుకోమంటారు. రేపు మూడో సంతకం పెట్టరని గ్యారంటీ ఏంటి?"

"గ్యారంటీ లేదు. శాస్త్రమంటే అదే."

"పరిపాలన అంటే అది కాదు కదండీ."

ఊర్ధ్వ తరఫు న్యాయవాది అధ్యక్షుడితో పూర్తిగా ఏకీభవించాడు. ప్రభుత్వమూ ప్రైవేటూ ఒక్కమాట మీద నిలబడటం పురుషోత్తం తన సర్వీసులో చూడటం అదే మొదటిసారి. చివరికి శశిధరే ఒక మధ్యేమార్గం చెప్పాడు. మొగిలిగుట్ట చివరి పరిశీలనకు మండలి స్వయంగా వస్తుంది. పిల్లలు జవాబులు సరిగ్గా చెబుతున్నా దీపాలు వెలగకపోతే పురుషోత్తం మాటను పరిగణనలోకి తీసుకుంటుంది. దీపాలు వెలిగితే ఈ ప్రస్తావన ఇంతటితో సమాప్తం.

న్యాయమైన షరతే. పురుషోత్తం ఒప్పుకున్నాడు.

ఆండాళుకు ఫోను చేసి ఏదీ దాచకుండా చెప్పాడు. తప్పు ఆమెది కాదని తెలియాలనుకున్నాడు. దీపం దేనికి వెలుగుతుందో, దేనికి ఆరుతుందో వివరించాడు.

"అంటే, అబద్ధం మానుకున్నందుకు నా బడి పోతాందా సార్?"

"అవును."

"మల్ల మీరు గెలిస్తె బడి ఉంటదా?"

"మండలి విచారణ మొదలుపెడతది. ఏడాది పట్టొచ్చు, ఎక్కువైనా కావచ్చు."

"ఈ ఏడు?"

ఇక్కడ ఒక చిన్న అబద్ధం చాలు. ఆయనకు చేతకాలేదు. "ఈ ఏడు అప్పగింత ఆగుతదని నేను మాట ఇయ్యలేను టీచరమ్మా."

"మంచిది సార్," అంది ఆండాళు. "మీరైతె రాండ్రి."

*

గురువారం పదిగంటలకు మూడు వాహనాలు వచ్చి మొగిలిగుట్ట బడి ముందు ఆగాయి. శశిధర్, మండలి సభ్యులిద్దరు, ఊర్ధ్వ తరఫున వింధ్య, పురుషోత్తం దిగారు. పిల్లలు తెల్లచొక్కాలు వేసుకుని, నుదుట పట్టీలతో వరుసగా కూర్చున్నారు. గోడకున్న పలకను ఎవరో తుడిచారు. కింద సైకిలు లేదు.

శశిధర్ చేతులు వెనక్కి కట్టుకుని చిరునవ్వుతో అడిగాడు: "మూడు రొట్టెలున్నాయి పిల్లలూ. తినేవాళ్లు నలుగురు. సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత వస్తుంది?"

చేతులు లేచాయి.

గాలికి పైరు లేచినట్టు, గది నిండా ఒక్కసారి లేచాయి. తలలు నిటారుగా ఉన్నాయి. కళ్లన్నీ అధ్యక్షుడి ముఖంమీదే. ఆ వెంటనే నుదుళ్లమీద ఆకుపచ్చ దీపాలు, ఒకటి తరువాత ఒకటి కూడా కాదు, కూడబలుక్కున్నట్టు వెలిగాయి. సభ్యుల్లో ఒకావిడ ఆనందం ఆపుకోలేక "అబ్బ!" అంది.

పురుషోత్తం దీపాలు చూడలేదు, చేతులు చూశాడు. కుడివి తొమ్మిది, ఎడమవి పద్దెనిమిది. ఆరేళ్ల కిందటి పిల్లల్లో ఎందరో వీళ్లకు అన్నలూ అక్కలూ. నేర్పడానికి ఆండాళుకు ఒక పూట చాలు.

ఆమె వరుసల మధ్య నడిచి, ఒక కుడిచేతి పిల్లవాడి భుజం తట్టింది. "నువ్వు చెప్పు శ్రీశైలం."

"ముప్పావు రొట్టె సార్!"

"శభాష్!" శశిధర్ పురుషోత్తం వైపు తిరిగాడు. ఆ ముఖంలో విజయగర్వం లేదు, ఉపశమనం ఉంది. "మీరేమైనా అడుగుతారా సార్? మీ ఇష్టం వచ్చినవాళ్లను అడగండి."

అడగవలసింది ఒక్కటే ప్రశ్న. మొదటి వరుసలో ఒక బక్కపిల్లవాడు ఎడమచెయ్యి ఎత్తి పట్టుకున్నాడు. మోచెయ్యి వణుకుతోంది, దీపం మాత్రం నిశ్చలంగా వెలుగుతోంది. వాణ్ణి లేపి, ముప్పావు ఎలా వచ్చిందని అడిగితే చాలు. వాడు నీళ్లు నములుతాడు. దీపం వెలుగుతూనే ఉంటుంది. ముప్పై ఏళ్ల కిందట పందిళ్లలో బాబాల చేతులు పట్టుకున్నప్పుడు కూడా ఇంత తేలికైన రుజువు ఆయనకు దొరకలేదు. రుజువు గెలుస్తుంది, విచారణ మొదలవుతుంది, ఈ ఏడు ఈ గదికి తాళం పడుతుంది. రుజువు ఓడిపోతే గదికి తాళం పడదు. యంత్రం మాత్రం ఇంకా ఎన్ని వేల గదులకు తాళం వేస్తుందో ఆ లెక్కా ఆయనకు తెలుసు.

ఆండాళు ఆయన వైపు చూడలేదు. సుద్దముక్కను రెండు చేతులతో పట్టుకుని నల్లబల్లను చూస్తూ నిలబడింది. పిల్లవాడు మాత్రం చూస్తున్నాడు. తనకు చెప్పినట్టే, తల దించకుండా, ఎదురుగా ఉన్న మనిషి ముఖంలోకి చూస్తున్నాడు.

"ఏమీ లేదు," అన్నాడు పురుషోత్తం. "అడిగేది ఏమీ లేదు."

ఇరవై ఎనిమిదికి ఇరవై ఏడు. తొంభై ఆరు శాతమని శశిధర్ రాసుకున్నాడు. వెలగని దీపం ఒక్కటే. చివరి వరుసలో ఒక పిల్ల చెయ్యెత్తడమే మరిచిపోయి, ఒళ్లో ఏదో కాగితం పెట్టుకుని కూర్చుంది. ఆమె పేరు అడిగి, ఎదురుగా ‘మందగ్రాహి, ప్రత్యేక శిక్షణ అవసరం’ అని రాసి, మండలి కొబ్బరినీళ్లు తాగి వెళ్లిపోయింది.

పట్టీలు సర్దుకునే నెపంతో పురుషోత్తం ఆగిపోయాడు. వింధ్య కారు దగ్గర నిలబడి ఉంది.

"ఎడమచేతులు నేను గూడ చూసిన నాన్నా."

"మరి అనలేదేం? మీ సంస్థకు బడి దక్కేది."

"నువ్వు అనలేదు కద." ఆమె కారు తలుపు తీసి, ఎక్కకుండా అలాగే ఉండిపోయింది. "లెక్కల సారు లేని బడి గూడ బడేనేమో. ఏమో. నాకు తెల్వదు."

లోపల ఆండాళు పట్టీలు విప్పి ఒక్కొక్కటే బుట్టలో వేస్తోంది. "కోపమొచ్చిందా సార్?"

"లేదు టీచరమ్మా."

"మీ రుజువు?"

"రాస్త. చదివేటోళ్లు ఉండరు, అంతే."

"రేపటిసంది మల్ల మామూలే సార్. తెలిస్తెనే ఎత్తుమంట, తెల్వకుంటె తెల్వదనుమంట. జీపొచ్చిన దినం మాత్రం..." ఇరవై ఆరేళ్ల మూటను దించి, మళ్లీ ఎత్తుకున్న మనిషి నిలబడినట్టు నిలబడింది.

"పిల్లలకు రెండూ గుర్తుంటయా?"

"పిల్లలకు దీంట్ల కష్టమేముంది సార్? మనకే టైం వడ్తది."

చివరి వరుసలో శివలీల ఒక్కతే మిగిలింది. ఆమె ముందు నేలమీద నోటుపుస్తకంలోంచి చింపిన కాగితపు రొట్టెలు మూడున్నాయి. రెండు పెద్దవి, ఒకటి చిన్నది. ఒక్కొక్కటీ నాలుగు ముక్కలైంది. పురుషోత్తం మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా ఆమె ఎదుట కూర్చున్నాడు.

"ముప్పావు కాదా?"

"మూడు ఒక్కతీరుగుంటె ముప్పావే సార్. ఆ సారు గది చెప్పలే. మా అమ్మ చేస్తె ఆఖరి రొట్టె చిన్నగుంటది, పిండి సాలది." ముక్కలను నాలుగు కుప్పలుగా జరిపింది. ప్రతి కుప్పలో రెండు పెద్ద ముక్కలు, ఒక చిన్న ముక్క. "ఏ రొట్టెకారొట్టెను నాలుగు జెయ్యాలె. అప్పుడు చిన్నదున్నా ఎవ్వరికి తక్కువగాదు."

దీపం వెలగలేదు. పురుషోత్తం చెయ్యి చాచి ఆమె నుదుటి పట్టీ విప్పాడు. అది బిగిసినచోట సన్నగా ఎర్రటి గీత పడి ఉంది.

"ఐదుగురైతే?" అని అడిగాడు.

శివలీల తల వంచుకుని, నోటుపుస్తకంలోంచి ఇంకో కాగితం చింపింది.